తీరిక తక్కువ ఉన్నవాళ్లు పుస్తకం ఎలా ఎంచుకోవాలి: ఒక టైలరమ్మ పద్ధతి

విజయనగరంలో మా ఇంటి ముందుగదే నా దుకాణం. బ్లౌజులు, పిల్లల గౌన్లు, చీరలకు ఫాల్, పీకో, పాత డ్రెస్సుల ఆల్టరేషన్, అన్నీ అక్కడే. మిషను పక్కన స్టూలు మీద కత్తెర, బాబిన్ల డబ్బాతో పాటు ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది. నేను తెలుగు ఎమ్మే చదవలేదు, పోటీ పరీక్షలకు తయారవడం లేదు, రాయాలన్న కోరికా లేదు. చదవడం ఇష్టం, అంతే. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఆ పుస్తకం చూసి, "మాకూ చదవాలనే ఉంటుంది గానీ ఏం చదవాలో తెలీదండీ. మొదలెడతాం, నాలుగు పేజీలకే ఆగిపోద్ది" అంటుంటారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. ఆ ముక్కలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

చాలామందికి ఇబ్బంది వచ్చేది ఎంపిక దగ్గరే. ఎవరో గొప్ప పుస్తకం అన్నారని ఐదొందల పేజీల నవల తెచ్చుకుంటారు. రోజంతా పనిచేసి, రాత్రి గిన్నెలు సర్ది, పదిన్నరకి దాన్ని తెరుస్తారు. రెండో పేజీలోనే నిద్ర ముంచుకొస్తుంది. వరసగా కొన్ని రాత్రులు అలా అయ్యాక "నాకు చదివే అలవాటు లేదు" అని తేల్చేసుకుంటారు. అలవాటు సంగతి తరవాత, అసలు ఆ వేళకి ఆ పుస్తకం కుదరదు. ఒకరి ఆదితో ఇంకొకరికి జాకెట్టు కుడితే ఎంత ఖరీదైన గుడ్డయినా ఒంటికి పట్టదు. మీ రోజులో ఎంత ఖాళీ ఉంది, ఆ వేళకి ఒంట్లో ఎంత ఓపిక మిగులుతుంది, ఈ రెండూ చూసుకుని పుస్తకం తెచ్చుకోండి. ఈ మాట నమ్మబట్టే ఇన్నేళ్లుగా పని మానకుండా, చదువూ మానకుండా ఉన్నాను.

ముందు మీ ఖాళీ ఎలాంటిదో చూసుకోండి

పుస్తకం వెతుక్కునే ముందు రెండు మూడు రోజులు మీ రోజును గమనించండి. ఖాళీ ఎక్కడ దొరుకుతోంది, ఎంతసేపు దొరుకుతోంది, మధ్యలో ఎవరైనా పిలుస్తారా, అంతే.

నా రోజులో ఎక్కువగా ఉండేది తెగిపోయే ఖాళీ. కుక్కరు విజిల్ వచ్చేలోపు, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు, కరెంటు పోయినప్పుడు, ట్రయల్‌కి వస్తానన్న మనిషి ఆలస్యం చేసినప్పుడు. ఏ క్షణాన లేవాల్సి వస్తుందో తెలీదు. ఇలాంటప్పుడు నవల పట్టుకుంటే ప్రతిసారీ రెండు పేజీలు వెనక్కి వెళ్లి, ఈ మనిషి ఎవరు, ఆ ఊరు ఏది అని చూసుకోవాలి. దానికే ఖాళీ అంతా అయిపోతుంది. నాలుగైదు పేజీల చిన్న కథ, ఒక కవిత, ఉత్తరాల పుస్తకం, ఆదివారం పేపరులో కథ, ఇవి ఆ వేళకి సరిపోతాయి. ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోవచ్చు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వీధి కాసేపు సద్దుమణుగుతుంది. ఎండాకాలం అయితే నాలుగింటి దాకా ఎవరూ గుమ్మం తొక్కరు. నవలకి నేనిచ్చే వేళ అదొక్కటే. నవల చదువుతున్నన్నాళ్లు రోజూ ఆ వేళ దానికే వదిలేస్తాను. రెండు రోజులు తప్పిందంటే అందులోని మనుషులు దూరమైపోతారు, అందుకని నవల మొదలుపెట్టే ముందు వచ్చే వారం పెళ్లి ఆర్డర్లు ఏమైనా ఉన్నాయా అని క్యాలెండరు చూసుకుంటాను.

రాత్రికి మాత్రం కొత్త పుస్తకం పెట్టుకోవద్దని నా గట్టి సలహా. అప్పటికి కళ్లు, మెడ అన్నీ అలిసి ఉంటాయి. రాత్రికి ఇదివరకు చదివి ఇష్టపడినదే మళ్లీ చదవండి, లేకపోతే చందమామ పాత సంచిక ఏదైనా తీయండి. 1947 జులైలో మొదలైన పత్రిక అది. దాని పాత సంచికలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతాయి. పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు, పేజీకో బొమ్మ. చదవడం మానేసి చాలా ఏళ్లయినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. పిల్లల పుస్తకం కదా అని సిగ్గుపడేవాళ్లకి నేను చెప్పేది, అక్షరం మీద కన్ను మళ్లీ పరుగెత్తడం ముందు కావాలి. బరువైన విషయాలు ఆ తరవాత ఎత్తుకోవచ్చు.

ప్రయాణాల ఖాళీ వేరు. మా పుట్టిల్లు పొందూరు. విజయనగరంలో పలాస వైపు పాసింజరు ఎక్కితే నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం దాటి పొందూరు వస్తుంది. ఆ దూరానికి పాతిక ముప్ఫై పేజీల పెద్ద కథ ఒకటి సరిగ్గా సరిపోతుంది. సీటు దొరికితే చదువుతాను. నిలబడాల్సి వస్తే పుస్తకం సంచిలోంచి తీయను, కదిలే రైల్లో నిలబడి చదివితే తల తిరగడం తప్ప ఏమీ ఉండదు. అప్పుడు ఫోన్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కథ వింటాను.

వినడం చదవడం కాదంటారు కొందరు. నేను ఒప్పుకోను. హుక్కులు కుట్టేటప్పుడు, హెమ్మింగ్ చేసేటప్పుడు చేతులకి పని, చెవులకి ఖాళీ. అప్పుడు ఎవరైనా కథ చదివి పెట్టిన ఆడియో వింటే చక్కగా మనసుకి పడుతుంది. కటింగ్ చేసేటప్పుడు మాత్రం వినను. గుడ్డ మీద కత్తెర పెట్టాక ధ్యాసంతా అక్కడే ఉండాలి. మీ పనిలో కూడా ఏది చెవులు ఖాళీగా ఉండే పనో, ఏది కాదో మీకే తెలుస్తుంది.

ఏడాదిలో కొన్ని నెలలు అసలు చదవడం కుదరదని ముందే ఒప్పేసుకోవాలి. విజయదశమి వెళ్లిన మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. ఊరు ఊరంతా చుట్టాలతో నిండిపోతుంది, అందరికీ కొత్త బట్టలు ఆ రోజుకే కావాలి. ఆ రోజుల్లో రాత్రి పన్నెండు దాకా మిషను ఆగదు. అప్పుడు నేను నవల జోలికి పోను, చదవలేదే అని బాధా పడను. పండగ వెళ్లాక మళ్లీ చిన్న కథతో మొదలుపెడతాను. బడి పరీక్షలు, వరి కోతలు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోవడం, ప్రతి ఇంటికీ ఇలాంటి కాలం ఒకటి ఉంటుంది.

మీ ఊరి మాట వినపడే పుస్తకంతో మొదలుపెట్టండి

ఏం చదవాలి అని అడిగినవాళ్లకి నేను ముందు మన వైపు రచయితల పేర్లే చెబుతాను. సొంత ప్రాంతం మీద ప్రేమ ఉన్నమాట నిజమే. దానికన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. పాత్రలు మాట్లాడే మాట మన చెవికి అలవాటైనదైతే సగం కష్టం తగ్గిపోతుంది. ఎవరు ఎలాంటి గొంతుతో ఆ మాట అన్నారో మనకి వినపడుతుంది. సీమలో ఉన్నవాళ్లు సీమ కథలతోనూ, తెలంగాణలో ఉన్నవాళ్లు అక్కడి కథలతోనూ మొదలుపెట్టాలని నేననేది అందుకే. అక్కణ్నించి బయటి ప్రాంతాలకు వెళ్లడం సులువు.

మా విజయనగరం వాళ్లకైతే గురజాడ అప్పారావు గారున్నారు. కన్యాశుల్కం పేరు వినని వాళ్లు లేరు, మొత్తం చదివిన వాళ్లు మాత్రం తక్కువ. మొట్టమొదటే దాన్ని చేతికివ్వను. ముందు ఆయన కథ దిద్దుబాటు చదవమంటాను. 1910లో వచ్చిన కథ, కొన్ని పేజీలే ఉంటుంది, అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చిన భర్త చేతికి భార్య రాసిన ఉత్తరం దొరకడం అందులో విషయం. ఒక్క బిగిన అయిపోతుంది. అది నచ్చాక కన్యాశుల్కం. ఆ నాటకాన్ని మొదట 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే బాగా పెంచి, మార్చి మళ్లీ వేశారు. ఇప్పుడు కొట్లలో దొరికేది సాధారణంగా ఆ రెండోదే.

కన్యాశుల్కం చదవడానికి కొన్ని కిటుకులు చెబుతాను. ముందున్న పీఠికలు వదిలేసి నేరుగా ప్రథమాంకానికి వెళ్లండి. తెర లేచేది మన విజయనగరం బొంకులదిబ్బ దగ్గరే. రోజూ అటు నడిచే మనకి గిరీశం అక్కడ నిలబడి తనలో తాను మాట్లాడుకుంటుంటే ఎంత దగ్గరగా ఉంటుందో చదివితేనే తెలుస్తుంది. మధ్యలో వచ్చే ఇంగ్లీషు ముక్కలు, సంస్కృత శ్లోకాలు అర్థం కాకపోతే ఆగకండి, కథ ఎక్కడా తెగదు. ఒకసారి కూర్చున్నప్పుడు ఒక రంగం చాలు. అన్నిటికన్నా ముఖ్యం, కళ్లతో చదవకుండా నోటితో చదవండి. అది మాట్లాడుకోవడానికి రాసిన పుస్తకం. ఇంట్లో ఇంకొకరు తోడు వస్తే మీరు మధురవాణి మాటలు, వాళ్లు రామప్పపంతులు మాటలు పంచుకుని చదవండి.

చాసో, అంటే చాగంటి సోమయాజులు గారు, విజయనగరంలోనే బతికారు. ఆయన కథలు బాగా చిన్నవి, తెగిపోయే ఖాళీకి నేను ముందుగా వెతుక్కునేవి అవే. చిన్నవి కదా అని ఒకదాని వెంట ఒకటి చదివేయొద్దు. ఎందుకు పారేస్తాను నాన్నా లాంటి కథ చదివాక, చదువు ఆగిపోయిన ఆ కుర్రాడు మనతో పాటు కాసేపు ఉంటాడు. ఆ రోజుకి ఇంకో కథ వద్దు.

శ్రీకాకుళం వైపు కాళీపట్నం రామారావు గారు, అందరూ పిలిచే కారా మాస్టారు. ఆయన యజ్ఞం పెద్ద కథ, అప్పు గొడవ మీద ఊరి పంచాయితీ. అది తెగిపోయే ఖాళీలో చదవకూడదు. మనుషులు ఎక్కువ, వాదనలు ఎక్కువ, ఒక్కో మాట ఎవరి పక్షాన ఉందో చూసుకుంటూ వెళ్లాలి. మధ్యాహ్నం తలుపు దగ్గరేసుకుని చదవాల్సిన కథ. ఆయన చిన్న కథలతో మొదలుపెట్టి, ఆ రాసే తీరు అలవాటయ్యాక దీనికి రండి.

నవ్వు కావాలన్న వాళ్లకి కె.ఎన్.వై. పతంజలి గారి నవల గోపాత్రుడు ఇస్తాను. ఆయనది విజయనగరం పక్కనున్న అలమండ. రైల్లో విశాఖ వెళ్తుంటే కోరుకొండ దాటాక వచ్చే స్టేషను. భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న తగవుతో ఆ ఊరు ఊగిపోవడం చదువుతుంటే మిషను ఆపేసి నవ్వుకోవాల్సి వస్తుంది. పుస్తకాలంటే ఏడిపించేవే అనుకునే మగపిల్లలకి ఇది ఇచ్చి చూడండి.

వినేవాళ్లుంటే పైకి చదవండి

మా అత్తగారికి చదువు రాదు. చింతపండు పిక్కలు తీస్తూనో, పిల్లల బట్టలు మడతపెడుతూనో నా పక్కనే కూర్చుంటుంది. "అందులో ఏటుందే? సదివి ఇనిపించు" అని తనే మొదట అడిగింది. అప్పట్నుంచి మధ్యాహ్నం ఖాళీలో కొంత ఆమె కోసం పైకి చదువుతాను. కథ ఎంచుకోవడంలో నాకు ఆమెను మించిన సాయం ఇంకొకటి దొరకలేదు.

కథ బాగుంటే ఆమె చెయ్యి ఆగిపోతుంది. పిక్క అలా వేళ్లలోనే ఉండిపోతుంది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే "ఆపేసినావేటి? ఆ గుంటడు ఏటైపోనాడు?" అంటుంది. కథలో మాట అబద్ధంగా ఉంటే, పల్లెటూరి మనిషి చేత పట్నం మాట పలికిస్తే, "అలాగ ఎవులు మాటాడతారు?" అని వెంటనే పట్టేస్తుంది. పెద్ద పెద్ద వర్ణనలు వచ్చినప్పుడు ఆమె చేతులు చకచకా కదులుతాయి. అంటే ధ్యాస చింతపండు మీదకి వెళ్లిపోయిందన్నమాట. ఆ భాగాలు నేను కళ్లతో చదువుకుని, మళ్లీ మనుషులు మాట్లాడుకునే చోట గొంతు ఎత్తుకుంటాను.

పైకి చదవడంలో ఇంకో లాభం ఉంది. కళ్లతో చదివేటప్పుడు మనం తెలియని మాటలు దాటేస్తాం, వాక్యాలు మింగేస్తాం. నోటితో చదివితే రచయిత ఎక్కడ ఆగాడో అక్కడ మనమూ ఆగాలి. వేగం తగ్గుతుంది గానీ కథ మర్చిపోం. ఇంట్లో వినే పెద్దవాళ్లు లేకపోతే పిల్లలకి చదవండి. ఎవరూ లేకపోతే మొదటి పేజీ ఒక్కటి మీకు మీరే పైకి చదువుకోండి. నాలిక ఎక్కడ తడబడుతోందో చూస్తే ఆ పుస్తకం మీకు ఇప్పుడు నడుస్తుందో లేదో తెలిసిపోతుంది.

పైకి చదవడానికి పది నిమిషాల కథలే తీసుకోండి. అంతకు మించితే గొంతు ఎండిపోతుంది, వినేవాళ్లకీ నడుం నొప్పి పుడుతుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి

అన్నీ కొనాలంటే మనలాంటి వాళ్లకి కుదరదు, కొనక్కర్లేదు కూడా. మనం కట్టే ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. అది జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్తుంది. రసీదు తీసి చూడండి, కనపడుతుంది. మన డబ్బుతో నడిచే చోటికి మనం వెళ్లకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ జిల్లా కేంద్ర గ్రంథాలయాలున్నాయి, చిన్న ఊళ్లలో శాఖలున్నాయి. కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యులైతే పుస్తకాలు ఇంటికి ఇస్తారు, మానుకున్నప్పుడు ఆ డిపాజిట్ వెనక్కి తీసుకోవచ్చు. శుక్రవారం సెలవు. శాఖా గ్రంథాలయాలు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు కాబట్టి వేళ కనుక్కుని వెళ్లండి.

గ్రంథాలయంలో ఆడవాళ్లు వెనకాడేది ఒకందుకు. ముందు హాల్లో పేపర్లు చదివే మగవాళ్లు, పోటీ పరీక్షల పిల్లలు నిండిపోయి ఉంటారు. గుమ్మంలోంచి చూసి, మనకి చోటు లేదనుకుని వెనక్కి వచ్చేస్తారు. నేరుగా లోపలికి వెళ్లి కథల అల్మారా ఎక్కడ అని లైబ్రేరియన్ గారిని అడగండి. ఫలానా రచయిత పేరు చెబితే వెతికి పెడతారు. కావలసిన పుస్తకం లేకపోతే పేరు రాసి ఇవ్వండి. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, పిల్లల్ని తీసుకుని మొదటిసారి అడుగు పెట్టడానికి అది మంచి సమయం.

శ్రీకాకుళంలో కథానిలయం గురించి తెలుగు కథ ఇష్టమైన ప్రతి ఒక్కరికీ చెబుతాను. కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించారు. ఒక్క తెలుగు కథల కోసమే కట్టిన ఇల్లు. పుస్తకాలుగా వచ్చిన కథలే కాకుండా, ఎప్పుడో ఆగిపోయిన వార, మాస పత్రికల పాత సంచికలు కూడా అక్కడ దాచారు. ఒక కథ మొదట అచ్చయినప్పుడు దాని పక్కన ఏ బొమ్మ వేశారు, ఆ పేజీలో ఏ సబ్బు ప్రకటన ఉంది, అవన్నీ చూస్తూ చదవొచ్చు. రైల్లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలో దిగాలి. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. అక్కణ్నించి బస్సో ఆటోనో పట్టుకోవాలి. అంత దూరం రాలేనివాళ్లకి వాళ్ల వెబ్‌సైటు ఉంది, రచయిత పేరుతోనో కథ పేరుతోనో వెతుక్కోవచ్చు. మాస్టారు 2021లో కాలం చేశారు. ఆయన పోగుచేసినదంతా చదివేవాళ్ల కోసమే, మనం వెళ్లి వాడుకోవాలి.

ఇక ఫోను. మన దేశంలో రచయిత కాలం చేసిన అరవై ఏళ్లకి ఆయన రచనల మీద హక్కు తీరిపోతుంది, ఎవరైనా ఉచితంగా పెట్టొచ్చు. గురజాడ గారు 1915లో పోయారు కాబట్టి కన్యాశుల్కం తెలుగు వికీసోర్స్ అనే ఉచిత వెబ్‌సైటులో హాయిగా చదవొచ్చు. వికీసోర్స్‌లో అక్షరం సైజు పెంచుకోవచ్చు, అదే పెద్ద సుఖం. స్కాన్ చేసిన పాత పుస్తకాలైతే ఫోను అడ్డంగా తిప్పి పట్టుకోండి, అక్షరం పెద్దదవుతుంది. చదివేంతసేపు నెట్ ఆపేయండి. ముందే దించుకుని పెట్టుకుంటే నెట్ అక్కర్లేదు, మధ్యలో వాట్సాప్ మోగదు. ఇప్పటి రచయితల పుస్తకాలు మాత్రం దొంగ పీడీఎఫ్‌ల్లో చదవకండి. తెలుగు పుస్తకం వెయ్యి కాపీలు అమ్ముడుపోవడమే కష్టం, నచ్చినవాళ్లది ఒక్కటైనా కొనండి.

పుస్తకం చేతిలోకి వచ్చాక

అట్ట వెనక రాసింది నేను చదవను. అందులో అందరూ అందర్నీ పొగుడుతారు. ముందుమాటలు చివర చదువుతాను, ఎందుకంటే చాలా ముందుమాటలు కథంతా చెప్పేస్తాయి. మొదట అక్షరం సైజు, కాగితం చూస్తాను. మరీ చిన్న అక్షరాలైతే ఎంత మంచి పుస్తకమైనా కుట్టుపనితో అలిసిన కళ్లకి వద్దు. తరవాత మధ్యలో ఏదో ఒక పేజీ తీసి సగం చదువుతాను. మొదటి పేజీ ఎవరైనా జాగ్రత్తగా రాస్తారు, మధ్య పేజీలోనే రాసే మనిషి అసలు గొంతు తెలుస్తుంది.

కథల సంపుటం అయితే మొదటి కథతోనే మొదలుపెట్టాలన్న నియమం ఏమీ లేదు. విషయసూచిక చూసి అన్నిటికన్నా చిన్నది ముందు చదవండి. రెండోది, పేరు చూసి నచ్చినది. కొన్ని సంపుటాల్లో కథ చివర అది మొదట ఏ పత్రికలో, ఏ ఏడాది వచ్చిందో ఉంటుంది. అది తప్పకుండా చూడండి. యాభై ఏళ్ల కిందటి కథలో కూలి రేటు, పెళ్లి ఖర్చు, కులం మాటలు ఇప్పటిలా ఉండవు. ఏడాది తెలిస్తే ఆ కథను ఆ కాలంలో పెట్టి చదవగలం.

అనువాదాలైతే ఒక పేజీ తప్పనిసరిగా పైకి చదివి చూడాలి. తెలుగులా నడవకపోతే అక్కడే పెట్టేయండి, ఆ మూల రచయితని తప్పుపట్టకండి. నేషనల్ బుక్ ట్రస్ట్, సాహిత్య అకాడమీ వాళ్లు మిగతా భారతీయ భాషల నవలలు తెలుగులో తక్కువ ధరకి వేశారు. బెంగాలీ, కన్నడ, ఒరియా ఇళ్లలో కూడా మన ఇళ్లలో జరిగేవే జరుగుతాయని వాటిలోనే చూశాను.

సాగకపోతే వదిలేయండి. నవలకి ముప్ఫై పేజీలు, సంపుటానికి రెండు కథలు, అంతవరకు నేను అవకాశం ఇస్తాను. అప్పటికీ పేజీ తిప్పాలనిపించకపోతే గ్రంథాలయానికి తిరిగి ఇచ్చేస్తాను. కానీ వదిలేసేటప్పుడు కారణం ఒక్కటి చూసుకోండి. పుస్తకం నచ్చలేదా, లేక ఈ నెల మీ మనసు బాగోలేదా? ఇంట్లో చావు జరిగినప్పుడు నవ్వించే పుస్తకం నచ్చదు, అది పుస్తకం తప్పు కాదు. అలాంటివాటిని మళ్లీ తీసుకోవడానికి పేరు రాసి పెట్టుకోండి.

రాసి పెట్టుకోవడానికి కొలతల పుస్తకం వెనక పేజీలే వాడతాను. పుస్తకం పేరు, ఎవరు రాశారు, ఎవరికి నచ్చుతుంది, అంతే. సమీక్షలు రాయక్కర్లేదు. 'ఎవరికి నచ్చుతుంది' అన్న గడి మాత్రం చాలా పనికొస్తుంది. ఆది తీసుకుంటూ కస్టమర్లతో మాట్లాడేటప్పుడు ఈమెకి ఆ కథ ఇవ్వాలి అని తడుతుంది. నచ్చిన రచయిత పేరు పక్కన, ఆయన ఎవర్ని మెచ్చుకున్నాడో కూడా రాస్తాను. తరవాత ఎవర్ని చదవాలో అక్కడే దొరుకుతుంది. ఎక్కువ అమ్ముడైన పుస్తకాల పట్టీ కన్నా, మన అభిరుచి తెలిసిన ఒక్క మనిషి మాట మీద తెచ్చుకున్న పుస్తకమే నాకు ఎక్కువసార్లు కుదిరింది.

పుస్తకం ఇంకొకరికి ఇస్తేనే దాని గురించి మాట్లాడుకోవడం కుదురుతుంది. నేను కుట్టిన బ్లౌజుతో పాటు అదే కవర్లో పెట్టి ఇస్తాను. లోపలి అట్ట మీద నా పేరు, ఇచ్చిన తేదీ పెన్సిల్‌తో రాస్తాను, తీసుకున్నవాళ్ల పేరు కొలతల పుస్తకంలో వాళ్ల కొలతల కిందే వేస్తాను. మళ్లీ బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు ఆ పేజీ తీయక తప్పదు కాబట్టి పుస్తకం గుర్తొస్తుంది, అడుగుతాను. గ్రంథాలయం పుస్తకాలు మాత్రం ఎంత దగ్గరవాళ్లయినా చేతికివ్వను, వాళ్లనే సభ్యత్వం తీసుకోమని పంపిస్తాను.